పాలపీక మీద పళ్ళ గాట్లు

"సంతకం ఇక్కడ, తేదీ ఇక్కడ. మిగతాదంతా నేనే రాయించాను, మీకు శ్రమ లేకుండా," అన్నాడు బొర్జోవ్.

జాన్నా ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. రాగి కర్మాగారం భద్రతాధికారి బొర్జోవ్ ఎవరికైనా శ్రమ తగ్గిస్తున్నాడంటే, అందులో ఆయన శ్రమ ఎంత తగ్గుతోందో ముందు చూసుకోవాలి. ఈ ఊళ్ళో పోలీసు ఉద్యోగం చేసేవాళ్ళకి ఆ సంగతి మొదటి నెలలోనే తెలిసిపోతుంది. జాన్నా పోలీసు కెప్టెన్ అయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది.

"చదివి వినిపించండి," అంది.

"మీకు చదువు రాదా?"

"మీ నోట వినాలని ఉంది."

బొర్జోవ్ నవ్వాడు. నవ్వితే మనిషి బాగుంటాడు, అదొక్కటే చిక్కు. కాగితం తీసుకుని చదివాడు. ఎల్దార్ సాఫిన్, వయసు ముప్ఫై ఒకటి, రాగి కొలిమి పనివాడు. గురువారం పగటి షిఫ్టులో పొగ సొరంగం శుభ్రం చెయ్యడానికి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మత్తులో ఉండి పాలపీక నోట్లోంచి తీసేశాడు. గ్యాసు పట్టి చనిపోయాడు. జేబులో సగం తాగిన వోడ్కా సీసా దొరికింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

పాలపీక అన్నది కొలిమి వాళ్ళు పెట్టుకున్న ముద్దు పేరు. నోట్లో కరిచి పట్టుకునే రబ్బరు పీక, దానికో గొట్టం, గొట్టం చివర నడుముకి కట్టుకునే రేకు డబ్బా, డబ్బాలో గ్యాసుని విరిచే సోడా నీళ్ళలో నానబెట్టిన గుడ్డ పొరలు. ముక్కుకి క్లిప్పు బిగించుకుని దాంతోనే గాలి పీలుస్తారు. కాగితాలు రాసే బొర్జోవ్ కూడా దాన్ని పాలపీక అనే రాయిస్తాడు.

"శవం దొరికినప్పుడు పాలపీక నోట్లోనే ఉంది," అంది జాన్నా.

"తీసేశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది."

"ముక్కుకి క్లిప్పు కూడా సరిగ్గా పెట్టుకున్నాడు. గొట్టం మెలిక పడకుండా భుజం మీంచి వేసుకున్నాడు. చాలా పద్ధతైన తాగుబోతు."

"అలవాటు, జాన్నా ప్రొఖోరొవ్నా గారూ. చేతులకి అలవాటుంటుంది."

"సీసాకి కూడా అలవాటుందా? అతని కనురెప్పల మీద ఎర్ర ధూళి. జేబు నిండా ధూళి. సీసా మాత్రం ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుంది."

బొర్జోవ్ కాగితాన్ని మడవకుండా బల్ల మీదే ఉంచాడు. "సోమవారం విమానానికి శవాన్ని పంపాలి. ఈ సంతకం లేకపోతే పెట్టె కదలదు. అతని భార్య ఇక్కడ ఉండటానికీ వీల్లేదు, భర్త ఉద్యోగంతో పాటే ఊళ్ళో ఉండే అనుమతీ పోయింది. సాయంత్రం వరకూ ఆలోచించుకోండి." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మీ నాన్నగారి దగ్గు తగ్గిందా?"

"మంచు మీద చేపలకి వెళ్ళి తెచ్చుకున్నాడు. తగ్గుతుంది."

"జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు బొర్జోవ్. ఆ మాట నిజంగానే అన్నట్టు అనిపించింది.

*

పోలీసు స్టేషను వరండాలో బెంచీ మీద గుజేల్ కూర్చుని ఉంది. ఎల్దార్ భార్య. నిన్న కూడా ఇక్కడే కూర్చుంది. తలకి కట్టుకున్న తెల్ల రుమాలు ముడి విప్పుతూ మళ్ళీ వేస్తూ ఉంది.

"పెట్టేశారా అక్కా సంతకం?"

"లేదు."

"ఆయన తాగడు. మా పెళ్ళిలో కూడా తాగలేదు. మా బాబాయి ఇప్పటికీ దెప్పుతాడు, నీ మొగుడు మనిషా మేకా, నీళ్ళు తాగి నాట్యమాడతాడేంటని." నవ్వబోయింది, రాలేదు. "తాగి చచ్చాడన్న కాగితం పట్టుకుని మా అత్త ముందు ఎలా నిలబడను? రేపు నా కొడుకు పెద్దయ్యి అడిగితే ఏం చూపించను? ఎవరైనా చేస్తే ఆ పేరు కావాలి నాకు. ఆ పేరుని నేనేమీ చెయ్యను. తెలిస్తే చాలు."

"ఎవరితోనైనా గొడవలున్నాయా?"

"లేవు. ఈ మధ్య నిద్రపోయేవాడు కాదంతే. ఎవరో చిన్నపిల్ల కల్లోకొస్తోందనేవాడు. ఎవరి పిల్లండీ అంటే గోడకేసి తిరిగి పడుకునేవాడు."

జాన్నా ఆ మాటని మనసులో ఒక పక్కన పెట్టుకుంది. "సోమవారం లోపు పేరు చెప్తాను. నిన్న మాటిచ్చాను కదా."

పోలీసులు అలా మాటివ్వకూడదు. జాన్నాకి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఎందుకిచ్చిందంటే, రెండు చలికాలాల కిందట తనూ ఇలాగే ఒక బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు గాలి కొలిమి గ్యాసుని మోసుకుంటూ ఊరి మీదికి తిరిగింది. గాలి తిరిగితే కొలిమిలోకి ఊదడం ఆపాలి, అది ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన నియమం. ఎవరో ఆపలేదు. జాన్నా కూతురు, ఆరేళ్ళ తాస్యాకి పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. పిల్లల బడి నుంచి చూస్తే ఆసుపత్రి వీధి మలుపులోనే ఉంది, అయినా ప్రాణంతో చేరలేదు. ఏ కొలిమి ఆపలేదో, ఎవరు ఆపలేదో ఎవరూ చెప్పలేదు. కారణం దగ్గర వాతావరణం అని రాసిన కాగితం వచ్చింది. తెచ్చింది బొర్జోవ్. తన కూతురి చావు కాగితం మీద జాన్నా సంతకం పెట్టింది, చెయ్యి తనది కానట్టు.

ఆ తర్వాత ఆమె తండ్రి ప్రొఖోర్ ఇంట్లో మనవరాలి పేరు ఎత్తలేదు. కొలిమి దగ్గర జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు మళ్ళీ వెళ్ళి పాలపీకల గదిలో పని అడిగి తీసుకున్నాడు. గుడ్డలు ఉతకడం, సోడా నీళ్ళలో నానబెట్టడం, డబ్బాలో కూరి కిటికీలోంచి పనివాళ్ళకి అందించడం. వారంలో సగం రోజులు ఆయన, సగం రోజులు క్లావ్దియా అనే ముసలావిడ. "కనీసం వీళ్ళ ఊపిరైనా నా చేతుల మీంచి శుభ్రంగా పోతుంది కదే," అన్నాడొకసారి కూతురితో. ఆ విషయం మీద ఆయన మాట్లాడింది అంతే.

*

ఎల్దార్‌తో పనిచేసే దెమ్యాన్‌ని మధ్యాహ్నం కర్మాగారం క్యాంటీనులో పట్టుకుంది. లావుపాటి మనిషి, ముందర కంచం నిండా పెల్మెనీలు, మాంసం కూరిన ముద్దలు ఆవిర్లు కక్కుతున్నాయి. ఒక్కటి కూడా తిన్నట్టు లేదు.

"గురువారం ఏమైంది?"

"పట్టా మోగింది. గ్యాసు వస్తే కొట్టే ఇనప పట్టా. పరిగెత్తాం. సొరంగం తలుపు తీసుంది. గుమ్మానికి కాస్త లోపల ఎల్దార్ పడున్నాడు, వెల్లకిలా. తల మా వైపు."

"గుమ్మం వైపు తల పెట్టి వెల్లకిలా ఎవడూ పడడు. ఎవరో చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చారు."

దెమ్యాన్ పెల్మెనీని చెంచాతో అటూ ఇటూ దొర్లించాడు.

"పట్టా కొట్టిందెవరు?"

"చూళ్ళేదు."

"ఎవరో ఒకరు కొట్టకుండా దానంతటదే మోగదు కదా."

"చూళ్ళేదంటున్నాగా."

"బొర్జోవ్ బెదిరించాడా?"

"ఆయన బెదిరిస్తే భయపడేవాణ్ణే," అన్నాడు దెమ్యాన్. "ఆయన కాదు. మీరు అడక్కండి మేడమ్. అసలు మిమ్మల్ని ఎదురుగా చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు."

తనంటే పోలీసనే భయమనుకుంది జాన్నా. సంచిలోంచి శవం నోట్లో దొరికిన పాలపీక తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ఎల్దార్‌దేనా?"

"అన్నీ ఒకలాగే ఉంటాయి."

"పీక చూడు."

రబ్బరు పీకకి ఎడమ పక్కన పళ్ళు దిగి, దిగి, ఒక చోట దాదాపు తెగిపోయింది. కుడి పక్కన కొత్తదానిలా నున్నగా ఉంది.

"ఎల్దార్‌కి కుడి వైపు పళ్ళు లేవా?"

"వాడికా? ముప్ఫై రెండూ ఉన్నాయి. దేవదారు గింజలు పటపటా కొరికి మా మొహాన ఊదేవాడు, మీరంతా బోసినోటి తాతలురా అని." దెమ్యాన్ నీళ్ళు తాగాడు.

"అయితే ఇది ఇంకెవరిదో. పొరపాటున వేరేవాడిది పెట్టుకున్నాడేమో."

"కొలిమి వాడెవడూ ఆ పొరపాటు చెయ్యడు మేడమ్. తండ్రి పాలపీక కొడుకు పెట్టుకోడు. ఒకడి పీక ఇంకొకడు కరిస్తే వాడి ఊపిరి తీసేసుకున్నట్టని మా పట్టింపు. ఇవ్వాలంటే ఒక్కప్పుడే ఇస్తారు, ఎదటివాడు చచ్చిపోతుంటే. అది కూడా బాగా కావలసినవాడైతేనే."

పెల్మెనీల కోసం పెట్టిన వెనిగర్ సీసా బల్ల మీద ఉంది. జాన్నా డబ్బా మూత తీసి, గుడ్డ కొస మీద కాస్త వెనిగర్ పోసింది. గుడ్డ బుసబుసా పొంగింది. సోడా ఉంది. పద్ధతిగా నానబెట్టిన గుడ్డే.

కుడి వైపు పళ్ళు లేని మనిషి. ఈ ఊళ్ళో గ్యాసు తినకుండా పళ్ళు ఎవరికి మాత్రం మిగులుతాయి. అలా వెతికితే కొలిమిలో చేసిన ముసలాళ్ళలో సగం మందిని వరసలో నిలబెట్టాలి. తన ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు, రొట్టె ముక్క ఎడమ బుగ్గలో పెట్టుకుని గంటసేపు నానుస్తాడు. జాన్నా వెనిగర్ సీసాని కూడా సంచిలో పడేసుకుని లేచింది.

*

పొగ సొరంగాన్ని గురువారం నుంచీ తనే మూయించింది. కొలిమి ఊదడం లేదు కాబట్టి లోపల గ్యాసు పలచబడింది, అయినా గొంతులో తియ్యగా, జుగుప్సగా తగులుతూనే ఉంది. జాన్నా తనకిచ్చిన పాలపీక కరిచి, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని లోపలికి వంగి నడిచింది. నోట్లో సోడా ఉప్పదనం నిండింది.

గుమ్మం దగ్గర ధూళి అంతా దెమ్యాన్ వాళ్ళు తొక్కేశారు. అది దాటాక మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. లాంతరు కింద పెట్టి చూసింది. మడమలు గీసిన రెండు గీతలు లోపలి నుంచి గుమ్మం వైపు వచ్చాయి. వాటి పక్కన ఇంకొకరి అడుగులు. కొలిమి పనివాళ్ళ బూట్లకి ఇనప మేకులుంటాయి. ఈ అడుగులు నున్నగా, వెడల్పుగా ఉన్నాయి. ఉన్ని బూట్లు. షిఫ్టులో ఉన్నవాడెవడూ ఉన్ని బూట్లతో సొరంగంలోకి రాడు.

లోపలికి వచ్చిన అడుగులు దూరం దూరంగా పడ్డాయి, పరిగెత్తుకొచ్చాడు. తిరిగి వెళ్ళిన అడుగులు దగ్గర దగ్గరగా, తడబడుతూ, వెనక్కి నడిచినవి. కొంత దూరం పోయాక అడుగులు లేవు, మోకాళ్ళు ఉన్నాయి. ఆ తర్వాత అరచేతులు. మోకాళ్ళ మీద పడ్డాక కూడా మడమల గీతలు ఆగలేదు. అంత ఊపిరాడని స్థితిలో కూడా ఆ మనిషి ఎల్దార్‌ని వదల్లేదు.

గీతలు మొదలైన చోట ధూళిని చేత్తో తోడింది. మోచేతి లోతులో రేకు తగిలింది. ఇంకో పాలపీక. డబ్బా మీద మేకుతో గీసిన రెండక్షరాలు, ఎల్దార్ పేరువి. రబ్బరు మీద రెండు పక్కలా సమానంగా పడిన పళ్ళ గుర్తులు.

గుమ్మం బయటికొచ్చి గాలి పీల్చుకుని ఆ డబ్బా మూత విప్పింది. పై పొర మీద వెనిగర్ పోసింది. ఏమీ కాలేదు. రెండో పొర తీసి పోసింది. ఏమీ కాలేదు.

"రెండు రోజులు గ్యాసులో పడుంది. సోడా చచ్చిపోయుంటుంది," అన్నాడు వెనక నుంచి బొర్జోవ్. ఎప్పుడొచ్చాడో.

"పై పొరలో చస్తుంది. డబ్బా అడుగున చుట్టిన గుడ్డకి గ్యాసు అంత తొందరగా చేరదు. చూడండి." అట్టడుగు పొర లాగి మిగిలిన వెనిగర్ అంతా పోసింది. గుడ్డ తడిసింది, అంతే. "దీన్ని మంచినీళ్ళలో నానబెట్టి ఇచ్చారు. సోడా చుక్క కూడా తగల్లేదు. పాలపీకల గదిలో గురువారం క్లావ్దియా డ్యూటీ. ఆమెని పిలిపిస్తున్నాను."

"వద్దు."

"ఇందాక కాగితం, ఇప్పుడు వద్దు. మీ ఉద్యోగం మీరు చేస్తున్నారు, బొర్జోవ్ గారూ, నాది నన్ను చెయ్యనివ్వండి. మనిషికి నీళ్ళ పాలపీక ఇచ్చి గ్యాసులోకి పంపితే దాన్ని ప్రమాదం అనరు. ఎవరో ఒక ఇల్లాలిని విధవని చేశారు, మీరు ఆ శవం జేబులో సీసా పెట్టారు."

"పెట్టాను," అన్నాడు బొర్జోవ్. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని జాన్నా అనుకోలేదు. "ఎవరి కోసం పెట్టానో అడగండి."

"మీ పైవాళ్ళ కోసం."

"వాళ్ళ కోసం కూడా." బొర్జోవ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట చెప్పండి. గురువారం మీ నాన్నగారు ఎన్ని చేపలు పట్టుకొచ్చారు?"

చేపలు లేవు. ఒక్కటీ పడలేదే అన్నాడు తండ్రి. మంచుగడ్డకి కన్నం వేసే బరమా ఆ రోజు పొద్దున గుమ్మం వెనకే నిలబెట్టి ఉంది, సాయంత్రం కూడా అక్కడే ఉంది. అది చూసింది. చూసి, వంట మొదలుపెట్టింది.

"క్లావ్దియాకి గురువారం పన్ను నొప్పి," అన్నాడు బొర్జోవ్. "ఎవరో మంచాయన, ఉన్ని బూట్లేసుకుని వచ్చి, నువ్వు డాక్టరు దగ్గరికి పోయిరా, కిటికీ దగ్గర నేను కూర్చుంటానన్నాడు. గేటు కాపలావాడి నోరు నేనే మూయించాను. ఆయన కోర్టులో నిలబడితే ఎందుకు చేశావని అడుగుతారు. ఎందుకో చెప్తే రెండేళ్ళ కిందటి గాలి మళ్ళీ వీస్తుంది. అది మాకొద్దు. మీ నాన్న జైలు మీకొద్దు. తాగుబోతు పేరు మోసేవాడికా, ఇప్పుడు పేరుతో పనిలేదు. సాయంత్రం మనిషిని పంపుతాను, సంతకం పెట్టి ఇవ్వండి."

"ఆ రోజు ఊదింది ఎల్దారా?" అంది జాన్నా.

"నేనేమీ అనలేదు. ఇక్కడ గ్యాసెక్కువ, మాటలు సరిగ్గా వినపడవు."

*

ఇంటికొచ్చి తలుపు తీసుకుని లోపలికి రాగానే మొదట మేకు చూసింది. కోట్లు తగిలించే చోట, పక్కగా, ఒక మేకుకి ప్రొఖోర్ పాత పాలపీక వేలాడుతుండేది. తాస్యా దాన్ని నడుముకి కట్టుకుని ఇల్లంతా తిరిగి, నేను తాతని, నాకు దారివ్వండి అనేది. పాలపీకల గదికి వెళ్ళేటప్పుడు ఆయన ఇప్పటికీ దాన్నే నడుముకి కట్టుకుని పోతాడు, వచ్చాక మేకుకి తగిలిస్తాడు. ఇప్పుడు ఉత్త మేకు ఉంది. ఎన్ని రోజులుగా ఉత్తగా ఉందో జాన్నా గమనించలేదు. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళన్నీ భూతద్దం పెట్టి చూసే మనిషి సొంత గుమ్మం చూసుకోలేదు, అదీ ఆమె తెలివి.

ప్రొఖోర్ వంటగదిలో టీ ముందు కూర్చున్నాడు. ఎండు రొట్టె రింగుని టీలో ముంచి ఎడమ పక్కన పెట్టుకుంటున్నాడు.

"పెందలాడే వచ్చావేమే? ఒంట్లో బాలేదా?"

జాన్నా ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి ఏదీ తియ్యకముందే ఆయనకి దగ్గు తెర వచ్చింది. మూడు రోజులుగా వస్తున్నదే. ముందు గొంతులో గరగర, తర్వాత మనిషిని నిలువునా వంచేసే దగ్గు. మొహం నల్లబడింది, చెయ్యి బల్ల మీద దేనికోసమో తడుముకుంది. జాన్నా ఆలోచించలేదు. కొలిమి వాడి కూతురు, చిన్నప్పటి నుంచీ చూసింది, తండ్రికి దగ్గొస్తే పాలపీక తెచ్చి చేతికిచ్చేది. సంచిలోంచి తీసి ఆ చేతిలో పెట్టింది. ప్రొఖోర్ కళ్ళు మూసుకునే దాన్ని నోట్లో పెట్టుకుని కరిచాడు. ఎడమ పక్కన, తెగిన చోట, పళ్ళు సరిగ్గా కూర్చున్నాయి. గుక్కలు గుక్కలుగా గాలి పీల్చుకున్నాడు.

దగ్గు తగ్గింది. కళ్ళు తెరిచాడు. నోట్లో ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది. మెల్లగా తీసి, చొంగ తుడిచి, బల్ల మీద పెట్టాడు.

"నాదే," అన్నాడు.

జాన్నాకి ఇంత సేపూ ఎక్కడో, ఏదో పొరపాటని ఆయనంటాడేమోనని ఆశ ఉండింది.

"ఎందుకు నాన్నా?"

"వాడే వచ్చి చెప్పాడమ్మడూ. పోయిన వారం. కిటికీ దగ్గర నిలబడి, తాతా, ఆ రోజు కొలిమి దగ్గర నేనే ఉన్నాను, గాలి తిరిగిందని తెలుసు, ఊదమన్నారు, ఊదాను అన్నాడు. నాకు నిద్ర పట్టట్లేదు తాతా అన్నాడు." ప్రొఖోర్ రొట్టె రింగుని వేళ్ళ మధ్య పొడి చేశాడు. "నేనేమీ అనలేదు. పోరా అన్నాను. వారం రోజులు నా చెవిలో అదే, ఊదమన్నారు, ఊదాను. గురువారం క్లావ్దియాని పంపించి కూర్చున్నా. వాడి గుడ్డ నీళ్ళలో ముంచా. చేతులు వణకలేదే నాకు. అదే ఆశ్చర్యం."

"తర్వాత?"

"వాడు కిటికీ దగ్గరే పీక నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క గుక్క పీల్చాడు. సోడా లేకపోతే మొదటి గుక్కలోనే తెలుస్తుంది, చప్పగా ఉంటుంది. కొలిమి వాడికి తెలీకపోవడమేంటి. వాడికి తెలిసింది. నా కళ్ళలోకి చూశాడు. చూసి, మంచిది తాతా అని, వెళ్ళిపోయాడు."

జాన్నా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"తెలిసి పోయాడే. నేను చంపుతానంటే సరే అని పోయాడు," అన్నాడు ముసలాయన. "అప్పుడు వణికాయి నాకు చేతులు. నా పాలపీక పెట్టుకుని పరిగెత్తా. ముసలి కాళ్ళు, ఏం పరిగెడతాయి. వాడిది లాగి పారేసి, నాది తీసి వాడి నోట్లో పెట్టా. పీల్చరా, పీల్చు, పిల్లాడున్నాడు నీకు అని కొట్టా వాణ్ణి. పీల్చలేదు. ఈడ్చా. నా వల్ల కాలేదు. పాక్కుంటూ పోయి పట్టా కొట్టా. దెమ్యాన్ నన్ను చూశాడు. ఏం మాట్లాడకుండా నన్ను పక్కకి తోసేసి లోపలికి పోయాడు."

జాన్నాకి తాస్యా గుర్తొచ్చింది, ఎల్దార్ గుర్తొచ్చాడు, ఎవరి కోసం ఏడవాలో తెలియక ఇద్దరి కోసమూ ఏడుపొచ్చింది. బొర్జోవ్ పంపే మనిషి ఇంకాసేపటికి వస్తాడు. ఒక్క సంతకం. నాన్న ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, ఉన్న కొన్నాళ్ళూ దగ్గుతూ ఉంటాడు. సోమవారం విమానంలో ఒక తాగుబోతు పెట్టె వెళ్ళిపోతుంది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టమన్నాడు బొర్జోవ్," అంది.

"నువ్వేమన్నావు?"

అప్పుడు తలుపు కొట్టిన చప్పుడైంది. బొర్జోవ్ మనిషి తొందరగానే వచ్చాడనుకుంటూ జాన్నా కళ్ళు తుడుచుకుని వెళ్ళి తీసింది.

గుమ్మంలో గుజేల్ నిలబడి ఉంది. చేతుల్లో గుడ్డ కప్పిన పళ్ళెం. వేయించిన పిండి, వెన్న వాసన.

"ఇవాళ మూడో రోజు అక్కా. మాలో హల్వా చేసి పంచాలి. ఇక్కడ నాకెవరున్నారు పంచడానికి." బూట్లు విప్పి లోపలికొచ్చింది. "ఇందాక దెమ్యాన్ అన్న వచ్చాడు. ఏడ్చాడు. ముందు చెప్పనన్నాడు, తర్వాత చెప్పాడు, పట్టా కొట్టింది ప్రొఖోర్ తాత అని. తన పాలపీక తీసి మా ఆయన నోట్లో పెట్టింది కూడా తాతేనని. అన్న మీకెందుకు చెప్పలేదో నాకర్థం కాలేదు. మీరే ఆయన కూతురని కూడా నాకిప్పటి దాకా తెలీదు."

ప్రొఖోర్ లేచొచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. గుజేల్ ఆయన ముందుకెళ్ళి పళ్ళెం మీద గుడ్డ తీసింది.

"తాతా, చచ్చిపోయేటప్పుడు మా ఆయన ఒక్కడే ఉన్నాడేమోనని మూడు రోజులుగా నాకు ప్రాణం కొట్టుకుంటోంది. మీరున్నారట. మీ ఊపిరి తీసి ఇచ్చారట. మొదటి ముద్ద మీరే తినాలి."

ముసలాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గుజేల్ అర్థం కాక జాన్నా వైపు తిరిగింది.

"అక్కా, మీరొక మాటిచ్చారు. పేరు దొరికిందా?"

జాన్నా తండ్రి వైపు చూసింది. ఉత్త మేకు వైపు చూసింది. లేదు అన్న మాట నాలుక చివర ఉంది. చిన్న మాట, ఎంతో తేలిక.

"దొరికింది," అంది.

ప్రొఖోర్ అప్పుడు చేతులు ముందుకు తెచ్చాడు. గుజేల్ చేతిలోంచి పళ్ళెం అందుకుని, ముట్టుకోకుండా, బల్ల మీద పాలపీక పక్కన పెట్టాడు. కుర్చీ లాగాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు. "ఆ పేరు నేను చెప్తాను."